ఏడుగురు తాతలూ, ఆరు అంకెలూ

రికవరీ కోడ్లు కాగితం మీద రాసి దాచుకునేవాళ్లంటే నాకు జాలి. బతుకు మీద నమ్మకం లేనివాళ్లు! మెయిల్ తెరవడానికి పాస్‌వర్డ్ ఒకటి, ఆ పైన ఫోన్‌లో యాప్ చూపించే ఆరంకెల కోడు ఇంకొకటి, ఆ ఫోనే పోతే అక్కరకొస్తాయని పది కోడ్ల చీటీ మరొకటి. ఇన్ని జాగ్రత్తలు పడితే ఇక మనిషికి సాహసం ఎక్కడ మిగులుతుంది? నేను రాసుకోలేదు. రాసుకోనందువల్ల నాకు జరిగిన మేలు మా తరాజ్ పట్టణంలో మరెవరికీ జరగలేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

ఐదు నెలలుగా నా మెయిల్ తెరుచుకోవడం లేదు. ఎంత ప్రశాంతత! కరెంటు ఆఫీసు హెచ్చరికలు లేవు. నాకు ఆస్తి రాసిచ్చి చచ్చిపోయిన ముక్కూ మొహం తెలియని యువరాజుల ఉత్తరాలు లేవు. పత్రికవాళ్లకు నా వ్యాసం కావాలంటే మెట్లెక్కి మూడో అంతస్తుకు రావలసిందే. వచ్చినవాళ్లు మా ఇంట పాల టీ తాగకుండా వెళ్లరు, తాగాక నన్ను తిట్టకుండానూ వెళ్లరు. మనుషులు కలుసుకోవడం లేదని వాపోయే మేధావులారా, మీకు ఇంతకంటే మంచి మార్గం తెలుసా?

ఇదంతా నా ఒక్కడి ప్రతిభ అనుకునేరు! సగం పుణ్యం మా అక్క కొడుకు కైసర్‌ది.

మా కజక్కుల్లో మేనల్లుడికి మేనమామ ఇంట్లో మూడుసార్లు నోరు తెరిచి అడిగే హక్కుంది. ఏది అడిగితే అది ఇవ్వాలి. కాదన్న మేనమామ గురించి నాలుగూళ్లలో చెప్పుకుని నవ్వుతారు. కోపమొచ్చి మేనల్లుడి మీద చెయ్యెత్తితే ఆ చెయ్యి జీవితాంతం వణుకుతుందని కూడా మావాళ్ల నమ్మకం. కైసర్‌కు ఇప్పుడు నలభై మూడేళ్లు, బస్సు డిపోలో మెకానిక్. పదో ఏట గుర్రప్పిల్లను అడిగి తోలుకుపోయాడు. పెళ్లికి నా నక్కతోలు టోపీ పట్టుకుపోయాడు. మూడో కోరికను ఏళ్ల తరబడి దాచి దాచి, నా అరవయ్యో పుట్టినరోజు విందులో బయటికి తీశాడు.

"మావయ్యా, నీ ఫోన్ భలే ఉందే!"

నలభై మంది అతిథులు. పెద్ద పళ్లెంలో గుర్రపు మాంసం పొగలు కక్కుతోంది. దాన్ని వదిలేసి అందరూ నన్నే చూస్తున్నారు.

"భలే ఉంటే నీదేరా!" అన్నాను. చప్పట్లే చప్పట్లు!

మా ఆవిడ కుల్యాష్ నా మోచెయ్యి పొడిచింది. "ఇంటిపెద్దా, అందులో నీ సామానేదో ఉంటుందేమో చూసుకో. రేపిద్దువుగానిలే."

"అడిగిన పూట ఇవ్వకపోతే అదీ ఒక ఇవ్వడమేనా?" అన్నాను, నలభై మందికీ వినపడేలా.

పైగా వాడిన వస్తువును వాడినట్టే ఇవ్వడం నామోషీ. అక్కడికక్కడే ఫోన్‌లో ఉన్నదంతా తుడిచేశాను. తుడిచేముందు అది నన్ను రెండుసార్లు అడిగింది, నిజంగానేనా అని. రెండుసార్లూ మీసం దువ్వి మరీ అవునన్నాను. సిమ్ తీసుకుని, ఫోన్‌ను రెండు చేతులతో అందించాను. ఆ తుడుపులో ఆరంకెలు చూపించే యాప్ కూడా కొట్టుకుపోయింది.

మూడో రోజున కొత్త ఫోన్‌లో మెయిల్ తెరవబోతే ఆరంకెలు చెప్పమంది. ఎక్కడి ఆరంకెలు? ఇప్పుడు కైసర్ కాళ్లు పట్టుకుని ఫోన్ వెనక్కి తెచ్చుకున్నా అందులో లేవే! మెసేజ్‌లో కోడు పంపించే ఏర్పాటు ఒకప్పుడు ఉండేది. యాప్ ఉండగా అదెందుకని నేనే ఆపేశాను. ఇక ఆ పది రికవరీ కోడ్లంటారా, వాటిని గాలికి వదిలేసేంత తెలివితక్కువవాణ్ని కాదు. చక్కగా ఫొటో తీసి దాచాను. ఎక్కడ? ఆ మెయిల్‌లోనే! పెట్టె తాళంచెవి పోతుందేమోనని భయపడి, దాన్ని పెట్టెలోనే పెట్టి తాళం వేసిన మహానుభావుణ్ని నేను.

కుల్యాష్ మెయిల్ నుంచి ఆ కంపెనీకి ఉత్తరం రాశాను. మీరు మీరేనని రుజువు చూపించండి అన్నారు. అయ్యా, మేమెవరమో చెప్పుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన విద్య! మా దగ్గర ఐదేళ్ల పిల్లాణ్ని లేపి అడిగినా నాన్నతో మొదలుపెట్టి ఏడు తరాల పేర్లు గడగడా అప్పజెబుతాడు. నేనూ అప్పజెప్పాను. ఖమిత్‌ను, జునిస్ కొడుకును, ఆయన బైతాస్ కొడుకు, ఆయన కొజాబెక్ కొడుకు, ఆ పైన ఎల్తై, షోనా, తొక్‌సాన్, అల్దియార్ అని రాశాను. దీన్ని మించిన రుజువు దేశాధ్యక్షుడి దగ్గర కూడా ఉండదు.

జవాబు వచ్చింది. "మీ సమాధానం ఆరు అంకెల్లో లేదు. మా సేవలు మీకు నచ్చాయా? ఐదు స్టార్లు ఇవ్వండి." ఇచ్చాను. ఏం చేస్తాను!

ఇంతకీ ఆ మెయిల్‌లో ఏముందంటారా? ఏముంటుంది, పాత బిల్లులు. పనికిరాని ఫొటోలు. ఇంకా...

సరే, చెప్పేస్తాను. ఇప్పటిదాకా చెప్పిన ప్రశాంతత అంతా డాబు. నాకు ఏడుపొస్తోంది.

నాలుగేళ్ల కిందట మా అమ్మాయి జౌరె అడిగింది, "నాన్నా, ఏడుగురు తాతలూ సరే, వాళ్లందర్నీ కన్నదెవరు?" అని. మా నానమ్మను దాటితే నాకు తెలియదు. మా వంశంలో ఎవరికీ తెలియదు, ఒక్క మా పెదనాన్న సెయిల్‌బెక్‌కు తప్ప. ఆయనకు వాళ్ల నానమ్మ చెప్పిందట. మూడు చలికాలాల పాటు ప్రతి శనివారం ఆయన పల్లెకు వెళ్లాను. ఏడు తరాల అమ్మల పేర్లు, ఎవరు ఏ ఊరి ఆడపడుచో, ఎవరు ఎంత గయ్యాళో ఆయన చెబుతుంటే టైపు చేసి మెయిల్‌లో పెట్టుకున్నాను. "కాగితం మీద కూడా రాయరా" అన్నాడాయన. "ఈ రోజుల్లో కాగితమేంటి పెదనాన్నా, ఎలకలు కొట్టేస్తాయి" అని నవ్వాను. ఒక్క కాగితం! ఒక్కటి రాసుకుని కుల్యాష్ పరుపుల పెట్టెలో పడేసినా సరిపోయేది.

పోయిన శనివారం మళ్లీ వెళ్లాను. ఈసారి నోటుపుస్తకం, రెండు పెన్నులు పట్టుకుని. పెదనాన్నకు ఇప్పుడు తొంభై ఒకటి. కిటికీ దగ్గర కూర్చుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఎవరబ్బాయివి నువ్వు?"

"జునిస్ కొడుకును పెదనాన్నా. ఖమిత్‌ను."

"ఖమిత్తా! ఇంత ముసలాడివైపోయావేంట్రా!" అని నవ్వి, పక్కన చోటు చూపించాడు.

అంతే. కోడు అడగలేదు. ఆయన టీ చల్లారేదాకా ఆగి అమ్మల పేర్లు మళ్లీ చెప్పమన్నాను. బైతాస్ భార్య, అంటే ఆయన సొంత తల్లి, రబిగ. రాసుకున్నాను. కొజాబెక్ భార్య అక్‌బోపె, నదికి అవతలి ఊరి పిల్ల. రాసుకున్నాను. ఎల్తై భార్య ఉల్బాలా, మొగుడి కంటే బాగా గుర్రం ఎక్కేది. అదీ రాసుకున్నాను. చెయ్యి ఒకటే వణుకు. కైసర్‌ను కొట్టనైనా లేదు.

"మరి షోనా ఇల్లాలు పెదనాన్నా?"

ఆయన నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఆవిడ పేరు నీకు చెప్పేశాగదరా. అంత శ్రద్ధగా రాసుకున్నావు. ఇక నీ దగ్గర భద్రంగా ఉందిలే అని నేను తలుచుకోవడం మానేశా. అందులో చూసుకో."

"అలాగే పెదనాన్నా, చూసుకుంటాను" అన్నాను.