పందొమ్మిదో తేదీ చెల్లదు

ధర్మవరంలో ఎర్రప్ప పట్టుచీరల దుకాణానికి బెంగళూరు నుంచి కంప్యూటర్ వచ్చి నెల కావస్తోంది. పెళ్లిచీరల ఆర్డర్లన్నీ అందులో ఎక్కించి, ఏ పెళ్లి ముందుంటే ఆ చీరను ముందు మగ్గమెక్కించాలన్నది ఎర్రప్ప ఏర్పాటు. దాన్ని నడిపే హజరత్‌వలి, పెళ్లిరోజు రాసే గడిని అక్షరాల గడిగా పెట్టాలా, తేదీ గడిగా పెట్టాలా అని ఒక రోజంతా సతమతమై, చివరికి తేదీ గడే పెట్టాడు. అక్షరాలైతే మొదటి అంకె చూసి వరస కడుతుంది. జూన్ ఒకటిని మే ముప్పై కంటే ముందు నిలబెడుతుంది మరి.

ఆ ఉదయం పెనుకొండ నుంచి లక్ష్మీనారాయణ, సావిత్రమ్మ దంపతులు కూతురు నీలావతికి పెళ్లిచీర చెప్పడానికి వచ్చారు. హిందూపురం నుంచి వియ్యాలవారు రాగానే అందరూ కలిసి రంగు ఎంచుకోవాలనుకున్నారు. ఈలోగా వలి పెళ్లెప్పుడో అడిగి, మే పందొమ్మిదిని 19-5 అని కొట్టాడు.

కంప్యూటర్ కీచుమంది.

"ఈ తేదీ చెల్లదంటాందే!" అని గొణుక్కున్నాడు వలి.

ఆ గొణుగుడు సావిత్రమ్మ చెవిన పడింది. "ఏమప్పా, ముహూర్తం చెల్లదా?"

"మా మిషను తప్పు చెప్పదమ్మా," అన్నాడు ఎర్రప్ప, సంగతేమిటో వినకుండానే.

సావిత్రమ్మ ఉన్నచోటే కూలబడింది. అప్పుడే బస్సు దిగి వచ్చిన వియ్యంకుడు నరసింహులుకు, ఆయన భార్య సుబ్బలక్ష్మమ్మకు ఆమె ఏడుపే ఎదురైంది. విషయం తెలిసి నరసింహులు మండిపడ్డాడు.

"సంబంధం ఇష్టం లేకుంటే నేరుగా చెప్పండి బావా. మధ్యలో ఈ డబ్బా ఎందుకు?"

"నేనెక్కడ చెప్పినా? అదే చెప్పింది," అన్నాడు లక్ష్మీనారాయణ బిక్కమొహంతో.

"అట్లనా? నా పెండ్లిరోజు కొట్టప్పా. ఏప్రిల్ ఇరవై అయిదు."

కీచుమంది. చెల్లదు.

"నాకు అప్పట్నుంచే అనుమానం," అంది సుబ్బలక్ష్మమ్మ.

"ఆగస్టు పదిహేను కొట్టు!"

అదీ చెల్లలేదు.

"స్వాతంత్ర్యమే రాలేదంటాందబ్బా!" అని నరసింహులు అరిచేసరికి, చీరలు చూస్తున్నవాళ్లంతా చుట్టూ మూగి తమ తమ తేదీలు చెప్పసాగారు. ఇద్దరు పిల్లలు పుట్టనేలేదని తేలింది. మనవడు పుట్టింది జనవరి పది అని ఒక ముసలామె చెబితే మాత్రం కంప్యూటర్ కిమ్మనకుండా తీసుకుంది.

"వలీ, ఈ పొద్దే దీన్ని బెంగళూరు బస్సెక్కిస్తా. పక్క సీటు నీదే," అన్నాడు ఎర్రప్ప.

వలి మళ్లీ తెర వైపు చూశాడు. జనవరి పదికి లేని అడ్డు పందొమ్మిదికి ఎందుకు? అంతలో ఎగిరి లేచాడు. "అన్నా, ఇది అమెరికా పద్ధతి! ఆడ నెల ముందు, తేదీ వెనక. పందొమ్మిదంటే పందొమ్మిదో నెల అనుకుంటాంది!"

పద్ధతి మార్చి మళ్లీ కొట్టాడు. మే పందొమ్మిది బుద్ధిగా గడిలో కూర్చుంది. నరసింహులు పెళ్లి కూడా చెల్లింది. సావిత్రమ్మ కళ్లు తుడుచుకుని వియ్యపురాలి చేయి పట్టుకుంది. మామిడిపండు రంగు చీరకు ఇద్దరూ ఒకేసారి ఒప్పుకున్నారు. ఎర్రప్ప అందరికీ కాఫీలు చెప్పాడు.

వలి మాత్రం కాఫీ ముట్టలేదు. తప్పన్న తేదీలు అరిచి మరీ చెప్పాయి. ఇన్నాళ్లూ ఎక్కించిన ముహూర్తాలన్నీ పన్నెండో తేదీ లోపలివే. నోరెత్తకుండా లోపలికి పోయిన ఆ తేదీల సంగతేమిటి? తెరిచి చూశాడు. 6-5 అని కొట్టిన పెళ్లి, మే ఆరున జరగాల్సింది, జూన్ అయిదున కూర్చుని ఉంది.

అది ఎవరిదో చదివేలోపే పరిగి నుంచి జయలక్ష్మమ్మ దిగింది.

"ఏమప్పా ఎర్రప్పా, మా పాప పెండ్లిచీర యాడుండాది?"

ఆ చీర ఇంకా మగ్గమే ఎక్కలేదు. వలి అమెరికా దగ్గర మొదలుపెట్టి అంతా వివరించాడు. ఆమె ఓపిగ్గా విని, అద్దాల బీరువాలో ఎర్రప్ప ఎవరికీ అమ్మకుండా దాచుకున్న చీర వైపు వేలు చూపించింది.

"అదియ్యి."

ఎర్రప్ప దాన్ని తీసి ఇచ్చాడు. వలి మీటల మీద చేతులు పెట్టి, "పెండ్లి తేదీ ఇంకొక్కసారి చెప్తారా అమ్మా?" అన్నాడు.

"ఎల్లుండి అని రాసుకోప్పా," అంది జయలక్ష్మమ్మ. "యా దేశంలో అయినా ఎల్లుండి ఎల్లుండే."