దేవుని రాజ్య పాలిభాగస్థుల ఉపసంఘం: మొదటి కార్యక్రమం

దేవుని రాజ్యం ఇకపై మా వల్ల ఆలస్యం కాకూడదని మా సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (ఇద్దరు నిద్రలో ఉన్నారు. వారిని అనుకూలంగా లెక్కించాం.) ఆ రాజ్యంలో పాలుపొందే మార్గం కనిపెట్టడానికి ఏడుగురితో ఒక ఉపసంఘం వేశారు. అధ్యక్షులు రిటైరైన హెడ్మాస్టరు గారు. కార్యదర్శిని నేను. నా చేతిరాత చూసి పెట్టారు, భక్తి చూసి కాదు.

ఆరు సమావేశాలు జరిగాయి. ఐదింట్లో బ్యానరు రంగు గురించి మాట్లాడుకున్నాం. ఆరోదానికి మా సంఘంలోని టైలరక్క వచ్చింది. ఆమె భర్తకు పక్షవాతం వచ్చి ఏడాది దాటింది. రెండో అంతస్తులో కాపురం, లిఫ్టు లేదు.

"మంగళవారం పదింటికి పెద్ద డాక్టరు గారు రమ్మన్నారయ్యా. ఆరోజు తప్పితే మళ్లీ రెండు నెలలకి గానీ దొరకరంట. ఆయన్ని కుర్చీతో సహా కిందికి దింపడానికి నలుగురు మనుషులు కావాలి."

"నలుగురేంటమ్మా, ఏడుగురం వస్తాం!" అన్నారు హెడ్మాస్టరు గారు.

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. అక్కడికక్కడే తీర్మానం రాసి ఏడు సంతకాలూ పెట్టించాను.

మంగళవారం తొమ్మిదికల్లా ఏడుగురం ఆ ఇంటి ముందున్నాం. (ఏడుగురూ టైముకి రావడాన్ని మినిట్సులో అద్భుతాల కింద నమోదు చేశాను.) ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వించుకుని, కుర్చీలో తయారుగా ఉన్నాడు. లేనిదల్లా బ్యానరే. మా ఉపసంఘం నియమావళి నాలుగో నిబంధన ప్రకారం, బ్యానరు లేకుండా చేసిన మేలు లెక్కలోకి రాదు.

తొమ్మిదిన్నరకు అదీ వచ్చింది. పన్నెండడుగుల గుడ్డ. అంచులు కుట్టలేదు, కర్రలు దూర్చడానికి మడతలు లేవు. ఇద్దరు చెరో కొసా పట్టుకుంటే సరిగ్గా 'రాజ్యం' అన్నచోట కిందికి జారిపోతోంది.

"కంగారు పడకండి. దేవుడు మనల్ని ఎవరింటికి పంపాడో చూశారా?" అన్నారు హెడ్మాస్టరు గారు, గదిలో ఉన్న కుట్టుమిషను వైపు చూస్తూ.

టైలరక్క మిషను ముందు కూర్చుంది. గుడ్డ గది దాటి వరండాలోకి వచ్చింది. ఒక కొస నేలకు తగలకుండా ఆమె భర్త తన పనిచేసే చేత్తో ఒళ్లో పట్టుకున్నాడు.

"టైమెంతయిందే?" అన్నాడు.

"ఇంకా ఉందిలే," అంది, గడియారం వైపు చూడకుండా.

పది దాటింది. 'ముందు మనిషిని దింపుదాం పదండి' అనాల్సింది నేను. సిగ్గుతో చచ్చిపోతూ ఆమెకు దారపు రీలు అందించాను.

పది నలభైకి దింపాం. చాలా జాగ్రత్తగా, పాట పాడుతూ, ఫొటో కోసం మలుపు దగ్గర ఒకసారి ఆగి మరీ దింపాం. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. మెట్ల కింద నిలబడి ఆమె ఆస్పత్రికి ఫోన్ చేసింది. పేరు రెండుసార్లు పిలిచారట, డాక్టరు గారు వెళ్లిపోయారట, రెండు నెలల తర్వాత రమ్మన్నారట.

అందరికంటే ముందు ఆమే తేరుకుంది.

"పోనీలెండయ్యా, మీరు మాత్రం ఏం చేస్తారు. ఆయన్ని మళ్లీ పైకి చేర్చేస్తే నేను పని చూసుకుంటాను."

హెడ్మాస్టరు గారు నా దగ్గర తీర్మానం తీసుకుని, కళ్లజోడు సవరించుకుని రెండుసార్లు చదివారు. అందులో దింపడం ఒక్కటే ఉంది. ఎక్కించడాన్ని వచ్చే నెల సమావేశంలో మొదటి అంశంగా చేర్చాం.