కొసరు లైను

ఆ సోమవారం పొద్దున ఒక చిన్న కాగితం రాసి పారేసి, మధ్యాహ్నం ఇంటికి పోయి భోంచేసి ఓ కునుకు తీద్దామని వరప్రసాద్ అనుకున్నాడు. బళ్ళారి బజారులో వర్తకులంతా కలిసి పెట్టుకున్న సహకార బ్యాంకులో కంప్యూటర్ల పనంతా అతనిదే. ఇకమీద విదేశీ బ్యాంకులకు చెల్లింపు సందేశాలు నేరుగా పంపాలని బ్యాంకు వాళ్ళు తీర్మానించారు. ఎవరూ మధ్యలో తొంగిచూడకుండా తాళం పెట్టెలాంటి యంత్రం ఒకటి కూడా వచ్చింది. దానికి ఎంత లావు ఇంటర్నెట్ లైను కావాలో తేల్చడమే ఆ కాగితం.

తేల్చడానికేముంది? చెల్లింపు సందేశమంటే సినిమా కాదు కదా, నాలుగు ముక్కల రాత. ఊళ్ళో జీన్స్ ఉతికే యూనిట్ల వాళ్ళందరూ ఒక్కసారిగా వచ్చి మీద పడ్డా రెండు ఎంబీలు చాలు. ఒకటి తెగితే ఆదుకోవడానికి వేరే దారిన వచ్చే లైను ఇంకొకటి ఉండాలి, అంతే. కానీ వరప్రసాద్ కూడా బజారులో పెరిగినవాడే. అడిగినంత ఎవరిస్తారు, కోసేస్తారు కదా అని రెండు రాయాల్సిన చోట పది రాశాడు. కొంప మునిగింది అక్కడే. బజారు వాళ్ళు కోసేది ధరనే గానీ కొలతను కాదని, కొలత దగ్గర అందరూ కొసరే అడుగుతారని ఆ మహానుభావుడికి తట్టలేదు.

కాగితం ముందు మేనేజరు రూపశ్రీ బల్ల మీదికి పోయింది.

"పది చాల్తాదా వరప్రసాదూ? రేపు తక్కువ పడితే నన్నే గదా అడిగేది" అని ఆమె యాభై చేసింది.

"మేడం, పదే ఎక్కువ..."

"ఊరుకోప్పా. ఉండనీ, అదేమన్నా అన్నం అడుగుతాదా?"

అక్కడినుంచి ఛైర్మన్ బసవరాజు దగ్గరికి చేరింది. ఆయనది తాతల నాటి శెనక్కాయల వ్యాపారం. తూకం ముగిశాక పిడికెడు ఎక్కువ పడందే మూట కట్టనివ్వడు. లైను కంపెనీ మనిషి హంపేశ్ ఎదురుగా కూర్చుని యాభైకి ధర చెప్పాడు.

"ధర సరేప్పా. కొసరెయ్యి" అన్నాడు బసవరాజు.

హంపేశ్ వంద అన్నాడు.

"ఏందప్పా, చెయ్యి వణుకుతాండాదా? ఇంకా ఎయ్యి."

చివరికి బేరం ఐదువందల దగ్గర తెగింది. అంత కొసరు ఊరికే రాదు గనక రెండో లైను కొట్టేశారు.

"సార్, రెండోది ఉండల్ల సార్! ఇది తెగితే..." వరప్రసాద్ కాగితం ముందుకు జరిపాడు.

"ఇంత లావుది యాడ తెగుతాదప్పా? ప్రారంభం నాడు మన జీన్స్ యూనిట్ జితేంద్ర ఫారిన్ రంగుల సరుకు డబ్బు దీంట్లోనే పోవల్ల. పోకపోతే మటుకు నిన్ను ఆ మారుమూల దేశనూరు బ్రాంచికి పంపిస్తా."

వరప్రసాద్‌ ఇంటికి పరుగెత్తాడు. భార్య వీణకు ఈమధ్యే బళ్ళారిలో టీచరు ఉద్యోగం దొరికింది. సంగతి వినగానే ఆమె తేల్చి చెప్పింది: "నేనైతే రాను. నీకు వంట రాదు. ఆలోచించుకో."

ఐదువందల లైనుకని వీధి తవ్వారు. తవ్వినవాళ్ళు కొళాయి పైపు పగలగొట్టారు. వీధంతా నీళ్ళు, ఇళ్ళలో చుక్క లేదు. బ్యాంకు మిద్దె మీదే కాపురముండే ఛైర్మన్ భార్య పంపమ్మ ట్యాంకరు నీళ్ళు మోయించుకుంటూ రోజూ బ్యాంకును తిట్టిపోసింది. హంపేశ్ మొదట్లో పరీక్ష కోసం ఆ మిద్దె మీదే ఒక చిన్న డిష్ పెట్టాడు. గాలిలోంచి రెండు ఎంబీలు వచ్చేవి. దాన్ని విప్పుకుపోదామని వస్తే ఆమె వెళ్ళగొట్టింది. "బట్టలారేసే తాడుకు ఇన్నాళ్ళకు ఒక గుంజ దొరికింది. ముట్టుకో, చూస్తా!"

ప్రారంభం రోజు వచ్చింది. పందిరి వేశారు, మైకు పెట్టారు. సరిగ్గా ఆ పొద్దునే పైపు బాగుచేసేవాళ్ళు వచ్చి గడ్డపార వేశారు. ఐదువందల లైను రెండు ముక్కలైంది.

లోపల బసవరాజు రిబ్బను కత్తిరిస్తున్నాడు. జితేంద్ర చేతులు నలుపుకుంటున్నాడు, ఈ పొద్దు డబ్బు పోకపోతే రంగులు రావు, యూనిట్‌కు తాళమే. వరప్రసాద్‌కు డిష్ గుర్తొచ్చింది. దాని వైరును తాళం పెట్టెకు తగిలించాడు. లైను వచ్చిందని చెప్పే దీపం వెలగలేదు. మెట్లన్నీ ఎగిరి మిద్దెక్కి చూస్తే డిష్ మీద తడి చీర, పక్కనే పంపమ్మ.

"పంపక్కా, ఆ చీర తియ్యక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"ఎందుకు తియ్యల్ల? ట్యాంకరు నీళ్ళతో ఉతికిందప్పా ఇది. ఎండ ఈడనే పడేది."

"తియ్యకపోతే నన్ను దేశనూరు పంపిస్తారక్కా!"

"పో. మా కొళాయి పగలగొట్టినోళ్ళు యాడికి పోతే నాకేంది?"

"నేనేం జేస్తినక్కా? నేను రెండే అడిగితిని. సారే కొసరని ఐదువందలు చేసె!" పది అని రాసిన సంగతి అతనికి ఆ క్షణంలో గుర్తు లేదు.

పంపమ్మ మెత్తబడింది. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఆ కొసర్లు సర్దలేక చస్తున్న ఇల్లాలు. "అట్ల చెప్పు మరి! మా ఇంట్లో కొసరుకొచ్చిన గ్రైండర్లే మూడుండాయి, ఒకటీ తిరగదు" అంటూ చీర లాగేసింది.

కింద దీపం వెలిగింది. జితేంద్ర సందేశం కన్ను మూసి తెరిచేలోపు పోయింది. హాలంతా చప్పట్లు.

"చూస్తిరా! ఐదువందలంటే ఐదువందలే!" బసవరాజు మైకు పట్టుకున్నాడు. హంపేశ్ ఫ్యాను వైపు చూశాడు. బతికిపోయానురా దేవుడా అనుకుంటూ వరప్రసాద్ మొహం తుడుచుకున్నాడు. బసవరాజు అతని భుజం మీద చెయ్యి వేసి మైకులోనే చెప్పాడు. "ఇట్లాంటి లైనే దేశనూరుకూ ఎయ్యల్ల. ఎవురేస్తారు? మన వరప్రసాదే! పని అయ్యేదాకా ఆడనే ఉంటాడు."

ఆ సాయంత్రం వరప్రసాద్ దేశనూరుకు కావాల్సిన లైను గురించి కాగితం రాశాడు. అర ఎంబీ. రూపశ్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చాల్తాదా?" అంటూ పెన్ను మూత తీసింది.