రేవులో నీళ్ళు మాయం

“ఈ తియెంజిన్ నగరంలో నేరస్తులు రెండే రకాలు, ఫుషెంగ్ తమ్ముడూ! నా చేతికి చిక్కినవాళ్ళు, చిక్కబోయేవాళ్ళు!”

పాంగ్ దెషువాన్ ఇలా ప్రకటించి, చేతిలో ఉన్న గుడ్డు పెసరట్టును చివరంటా నోట్లో కుక్కుకున్నాడు. మొదటి రకంలో ఇప్పటిదాకా ఒక్కరూ లేరని యావ్ ఫుషెంగ్‌కు తెలుసు. గడియారాల ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్ళు ముళ్ళు బిగించి, రిటైరైన మర్నాడే డిటెక్టివ్‌గా మారిన మనిషి పాంగ్. పక్కింటివాళ్ళ పిల్లి తప్పిపోతే ఇంకెవరి పిల్లినో పట్టుకొచ్చాడు. సైకిళ్ళ దొంగ కోసం మాటు వేసి, తన సైకిలే పోగొట్టుకున్నాడు.

అయినా ఫుషెంగ్ అతన్ని పిలవక తప్పలేదు. ‘పాత జిన్’ హోటల్ గుమ్మం దగ్గర ఎర్రకోటు వేసుకుని ఇరవయ్యారేళ్ళుగా తలుపు తీస్తున్నాడు ఫుషెంగ్. ఆ గుమ్మం మీద ఇత్తడి అక్షరాలతో హోటల్ పేరు ఉంటుంది. జిన్ అంటే రేవు. ఊరి పేరులో రెండో సగం. ఆ అక్షరానికి ఎడమపక్కన ఒకదాని కింద ఒకటి మూడు నీటిబొట్లు ఉండాలి. నిన్న చూసేసరికి మూడూ లేవు. బొట్లు పోతే ఆ అక్షరానికి రేవు అన్న అర్థం పోయి, కుంచె అన్న అర్థం మిగులుతుంది. పొద్దుటినుంచి ఇద్దరు ముసలాళ్ళు లోపలికొచ్చి, రాత కుంచెలు ఎంతకిస్తారని అడిగి వెళ్ళారు.

మేనేజరు నియె గుయ్‌లాన్ నిన్న ఒక్కటే మాట అంది. “ఎల్లుండి మధ్యాహ్నం హోటల్‌కి డెబ్భయ్యో పుట్టినరోజు. పెద్దలందరూ వస్తున్నారు. నీ నెత్తిమీదున్నది పోతే నీకు తెలియలేదంటే, ఆ ఎర్రకోటు విప్పి బొగ్గుల గదికి పో.”

“నెత్తిమీదున్నది తలెత్తితేగా కనపడేది, అక్కా. నేను వచ్చేపోయేవాళ్ళకి తల వంచేవాణ్ణి,” అన్నాడు ఫుషెంగ్. ఆవిడ వినలేదు. ఆ రాత్రి అతనికి అన్నం సయించలేదు. బొగ్గుల గదిలో ఎవరికి తలుపు తీయాలి?

ఇప్పుడు పాంగ్ మెట్లమీద నిలబడి, భూతద్దంలోంచి ఆకాశాన్ని పరీక్షిస్తున్నాడు.

“ఇది మామూలు దొంగతనం కాదు తమ్ముడూ. రక్తం గడ్డకట్టే రాజకుట్ర! మన ఊరికి ఈ పేరెలా వచ్చింది?”

“రాకుమారుడు సైన్యంతో ఇక్కడ నది దాటాడని. తర్వాత చక్రవర్తై, స్వర్గపుత్రుడి రేవు అని పేరు పెట్టాడని. చిన్నపిల్లలకీ తెలుసు.”

“ఎందుకు దాటాడు? అన్నకొడుకు సింహాసనం లాక్కోడానికి! ఆ అన్నకొడుకు ఎక్కడుండేవాడు?”

“నాన్‌జింగ్‌లో.”

“అదీ! వాళ్ళ పగ ఆరువందల ఏళ్ళుగా రగులుతోంది. నీళ్ళు తీసేస్తే రేవు లేదు. రేవు లేకపోతే నది దాటడం లేదు. దాటకపోతే సింహాసనం ఎవరిది?”

“అన్నా, ఆ సింహాసనమే ఇప్పుడు లేదు కదా.”

“అందుకే ఎవరికీ అనుమానం రాలేదు!” పాంగ్ గొంతు తగ్గించాడు. “హోటల్లో నాన్‌జింగ్ నుంచి దిగినవాడెవడు?”

ఫుషెంగ్ ఒక్క క్షణం తటపటాయించాడు. “రెండొందల ఆరో గదిలో ఒకాయన ఉన్నాడు. గుండీల వ్యాపారి. పేరు జూ.”

“జూ! ఆ రాజవంశం ఇంటిపేరు!” పాంగ్ ఫుషెంగ్ భుజం గట్టిగా నొక్కాడు.

“మా సందులోనే నలుగురు జూలున్నారన్నా. ఒకాయనైతే నిజంగానే జూలో పనిచేస్తాడు, కోతులకి మేత వేస్తాడు.”

“వేళాకోళం మానెయ్. వల పన్నుతున్నాను.”

ఆ వల ఏమిటంటే, పాంగ్ హోటల్ వంటింట్లో ఊరగాయ జాడీల వెనక దాక్కున్నాడు. నేరస్తుడు ఎప్పటికైనా ఆకలితో వంటింటికి వస్తాడన్నది అతని సిద్ధాంతం. హెడ్ కుక్ షీ అక్క గరిటె పట్టుకుని తరమబోయింది. ఫుషెంగ్ చేతులు జోడించాడు.

“ఒక్క గంట ఓర్చుకో అక్కా. నా ఎర్రకోటు సంగతి.”

“నీ మొహం చూసి ఊరుకుంటున్నా. నా జాడీల జోలికొస్తే మాత్రం ఆయన్నీ ఉప్పేసి ఊరబెడతా,” అంది షీ అక్క.

గంట కాకముందే జూ వచ్చాడు. సన్నటి మనిషి, చేతిలో ఖాళీ గిన్నె.

“అక్కా, నిన్న పెట్టిన వెల్లుల్లి క్యాబేజీ ఇంకొంచెం దొరుకుతుందా? జాడీ ఎక్కడుందో చెబితే నేనే—”

“జాడీ ఎక్కడుందా! దొరికావురా, వంశద్రోహీ!”

పాంగ్ జాడీల వెనకనుంచి ఎగిరాడు. ఎగిరింది బాగానే ఎగిరాడు గానీ, దిగడం ఉల్లిపొట్టు మీద దిగాడు. కాలు సర్రున జారింది. పట్టుకోడానికి దొరికిన పెద్ద జాడీని కావలించుకున్నాడు. జాడీ, డిటెక్టివ్ కలిసి పక్కకి ఒరిగారు. క్యాబేజీ అంతా అతని ఒళ్ళో పడింది. దాంతోపాటే జాడీలో ఉన్న చెక్కపలక, ఆ పలకమీది బరువులు ఖణేల్‌మంటూ నేలమీద దొర్లాయి.

గిన్నెలు తోమేవాళ్ళు, కూరలు తరిగేవాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ నిలబడిపోయారు. ఫుషెంగ్ వంగి బరువుల్ని చూశాడు. మూడు ఇత్తడి ముద్దలు. ఒక్కోటి వంకాయంత, ఒక కొన సన్నంగా, ఒక కొన లావుగా.

“అక్కా… ఇవి ఎక్కడివి?”

“మొన్న ఈదురుగాలికి గుమ్మం పక్క పూలమడిలో పడున్నాయి. మేకులు తుప్పుపట్టి ఊడినట్టున్నాయి. కడిగి క్యాబేజీ మీద బరువు పెట్టా.”

“ఊరంతా నీటిబొట్ల కోసం వెతుకుతుంటే నీకు తెలియలేదా?”

“నాకు అక్షరం ముక్క రాదు. నీటిబొట్లు పోయాయన్నారు. వంటింట్లో నీటిబొట్టు పోతే ఎవరైనా వెతుకుతారా? వంకాయల్లాంటి ఇత్తడి ముద్దలు చూశావా అని ఒక్కరైనా అడిగారా నన్ను?”

జూ మెల్లిగా వంగి, పాంగ్ భుజంమీది క్యాబేజీ రేకొకటి తీసి నోట్లో వేసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నానికి మూడు బొట్లూ కొత్త మేకులతో గుమ్మం మీదికెక్కాయి. ఫుషెంగ్ ఎర్రకోటు గుండీలన్నీ పెట్టుకుని, పెద్దలకు తలుపు తీశాడు. నియె గుయ్‌లాన్ అతని దగ్గర ఆగింది.

“ఎవరు కనిపెట్టారు?”

“మా పాంగ్ అన్న కనిపెట్టాడక్కా,” అన్నాడు ఫుషెంగ్, నవ్వు రాకుండా బుగ్గ కొరుక్కుని. ఆవిడ పాంగ్‌కు స్వయంగా టీ తెచ్చి ఇచ్చింది.

సాయంత్రం ఇద్దరూ నది గట్టున కూర్చున్నారు. పాంగ్ ఇంకా వెల్లుల్లి వాసన కొడుతున్నాడు.

“తమ్ముడూ, నిజం చెప్పనా? నేను కాలు జారి పడ్డాను.”

“తెలుసన్నా.”

“ఎవరితోనూ అనకు.”

“అనేదేముంది? వంటింట్లో పదకొండుమంది కళ్ళారా చూశారు.”

నెమ్మదిగా పాంగ్ వెన్ను నిటారైంది.

“పదకొండుమంది సాక్షులా!” అంటూ లేచి నిలబడ్డాడు. “అయితే కేసు చాలా గట్టిది!”