కూర్మమ్మ పోయిన పూట

సైరన్ మోగగానే ఊరంతా తుపాను షెల్టర్‌కు చేరిపోవాలి. పొద్దున్నే చద్దన్నం తింటూ వీఆర్వో రమేష్‌బాబు అనుకున్నది అంతే. పక్క ఊళ్లలో మాక్‌డ్రిల్‌కు పట్టుమని పదిమంది రాలేదని అక్కడి వీఆర్వోలకు మెమోలిచ్చారు. ఇక్కడా అదే జరిగితే తర్వాతి మెమో తనదే.

సముద్రం ఒడ్డున పోలీసు జీపు, ఫైరింజను, అంబులెన్సు, మత్స్యశాఖ వ్యాను వరసగా నిలబడ్డాయి. చాటింపు పోలీసులు వేయించారని రెవెన్యూవాళ్లు, రెవెన్యూవాళ్లు వేయించారని వైద్యశాఖ, ఎవరో ఒకరు వేయించే ఉంటారని ఫైరాఫీసరు నమ్మారు. సైరన్ మోగింది. ఒక మేక లేచి చూసి, మళ్లీ పడుకుంది.

రమేష్‌బాబు ఇసకలో పరిగెత్తి, చేపలు ఎండబెట్టుకుంటున్న కూర్మమ్మ దగ్గర ఆగాడు.

"పిన్నీ, తుపానొచ్చింది. షెల్టర్‌కి పద."

కూర్మమ్మ ఆకాశంకేసి చూసింది. "ఏటి బాబూ, పొద్దున్నే తాగీసినావేటి? ఎండ మాడిపోతంటే తుపానేటి?"

"ఉత్తుత్తి తుపానే. దెబ్బలు తగిలినట్టు స్ట్రెచర్ మీద పడుకో సాలు. నిన్ను సూసైనా నలుగురొస్తారు. నా ఉద్యోగం నిలబడతాది."

"మరి నా సేపలు కాకులెత్తుకుపోతే?"

కాకులను తోలడానికి ఒక కానిస్టేబుల్‌ను వేశారు. ఆ రోజు శాఖల మధ్య కుదిరిన మొదటి ఒప్పందం అదే.

కూర్మమ్మ స్ట్రెచర్ ఎక్కి, ఈగలు ముసురుతున్నాయని దుప్పటి మొహం మీదికి లాక్కుంది. కోడి కూయకముందే లేచిన మనిషి, కునుకు పట్టేసింది. స్ట్రెచర్‌ను అంబులెన్సుకేసి మోసుకెళ్తుంటే, చేపల తట్టతో ఎదురొచ్చిన వియ్యపురాలు లక్ష్మణమ్మ, దుప్పటి బయటికున్న వెండి కడియాలను గుర్తుపట్టి తట్ట కింద పడేసింది.

"ఓలమ్మో! వదినా! నన్నొగ్గేసి ఎలిపోనావేటే!"

ఆ ఊళ్లో ఏడుపు వినబడితే ముందు గొంతు కలపాలి, వివరాలు తర్వాతే. గుమ్మం గుమ్మానా శోకాలు లేచాయి. చావున్న రోజు పడవ నీళ్లమీద ఉండకూడదు కనుక సముద్రంలో ఉన్నవాళ్లకు ఫోన్లు వెళ్లాయి. వలలు చుట్టుకుని పడవలన్నీ వెనక్కి తిరిగాయి.

"ఎంత బాగా నటిస్తున్నారండీ!" అని మురిసిపోయిన ఫైరాఫీసరు దారిపొడవునా దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టించాడు. పోలీసులు దారి ఖాళీ చేయించారు. కూర్మమ్మకు సర్కారు చేస్తున్న మర్యాద చూసి జనం ఇంకా గట్టిగా ఏడ్చారు.

"సావలేదర్రా! బతికే ఉన్నాది!" రమేష్‌బాబు గొంతు చించుకున్నాడు.

"పాపం, పిన్నీ పిన్నీ అని తిరిగీవోడు. మతి సెడిపోనాది," అంటూ కూర్మమ్మ మరిది నూకయ్య అతని జబ్బ పట్టుకుని నడిపించాడు.

అంబులెన్సు షెల్టర్ ముందు ఆగింది. వెనకాలే చంటిపిల్లలతో సహా ఊరంతా. శ్రీకాకుళం నుంచి వచ్చిన పరిశీలకుడు అప్పటికే మెట్ల మీద నిలబడి ఉన్నాడు. ఆ హోరుకు కూర్మమ్మ ఉలిక్కిపడి లేచి కూర్చుంది.

"ఎవుల్రా పోనారు?"

ఏడుపులు టక్కున ఆగాయి. "నువ్వే కదే వదినా!" అంది లక్ష్మణమ్మ.

"నేనా? మరి నాకెవులూ సెప్పలేదేటి!"

"మా సేపల యేట పాడుసేసినావు కదరా!" అంటూ పడవలవాళ్లు రమేష్‌బాబు చొక్కా పట్టుకున్నారు. మెమో సంగతి తర్వాత, ముందు ప్రాణాలు దక్కితే చాలనుకున్నాడతను. అంతలో పరిశీలకుడు చప్పట్లు కొట్టాడు.

"శభాష్! ఊరు ఊరంతా ఖాళీ! సముద్రంలో పడవలు కూడా వెనక్కి! ఇంత పకడ్బందీగా జనాన్ని తరలించడం నేనెక్కడా చూడలేదు. తీరంలో ప్రతి ఊళ్లోనూ ఇదే పద్ధతి పాటించండి."

షెల్టర్లో వండించిన భోజనాలు వడ్డించాక చొక్కా వదిలారు. రమేష్‌బాబుకు మెమో బదులు ప్రశంసాపత్రం వచ్చింది.

మిగతా ఊళ్లలో ఎవరు చనిపోవాలన్న దానిపై మాత్రం శాఖల మధ్య ఇంకా సమన్వయం కుదరలేదు.