శర్షెన్ తల తిన్న కేసు

మా కొండ జిల్లాలో మొట్టమొదటి మరణశిక్ష పడిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పక్క జిల్లాకు అప్పటికే రెండు పడ్డాయి. సినిమా హాలు కూడా వాళ్లకే ముందు వచ్చింది. ఇన్నాళ్లకు వాళ్ల పక్కన నిలబడగలిగామని మా తెల్లగడ్డం పెద్దలు గడ్డాలు నిమురుకున్నారు.

శిక్ష పడినవాడు గొర్రెల కాపరి ఒస్మోన్‌కుల్. చనిపోయినవాడు అతని పొరుగు గుడారం శర్షెన్. నేరం రుజువు చేయడానికి ఎవరూ శ్రమపడలేదు. ముద్దాయి తానే ఒప్పుకున్నాడు.

వేసవి మేతకు మందలు కొండెక్కిన రోజుల్లో శర్షెన్ పొట్టేలును కోసి అందరికీ విందు పెట్టాడు. మాలో పొట్టేలు తల అందరికీ దక్కదు. వచ్చినవాళ్లలో గౌరవనీయుడి ముందు పెడతారు. ఆరోజు ఆ గౌరవం ఒస్మోన్‌కుల్‌ది. మర్నాటినుంచి శర్షెన్ కనిపించలేదు. కొన్నాళ్లకు పోలీసు వచ్చి, "శర్షెన్‌ను ఆఖరుసారి ఎప్పుడు చూశావు?" అని అడిగాడు.

"అతని తల తిన్న రోజున," అన్నాడు ఒస్మోన్‌కుల్, ఛాతీ విరుచుకుని.

మా భాషలో ఒకడి తల తినడమంటే, వాడి విందులో తల తినడం. వాడి ప్రాణం తీయడం కూడా. ఎక్కడ ఏ అర్థమో మా పిల్లలకు కూడా తెలుసు. కానీ మా కోర్టుకు రష్యన్ తప్ప వేరే భాష తెలియదు. జడ్జి ఇస్కెందెర్ దావ్లెతొవిచ్ గారు పట్నంలో పెరిగిన విద్యావంతులు కనుక మా భాష ఒక్క ముక్క కూడా రాదు. అందుకని ఎర్కిన్‌బెక్ అనే దుబాసీని నియమించారు. అతను సైన్యంలో ఉండగా రష్యన్ వంటశాలలో క్యాబేజీ తరిగాడు. అంతకన్నా అర్హుడు జిల్లాలో లేడు.

విచారణ ఎంతో పద్ధతిగా సాగింది.

"శర్షెన్ తల తిన్నావా?"

"తిన్నానయ్యా."

"ఒంటరిగానేనా?"

"అదెలాగయ్యా! చెవులు కోసి పిల్లలకిచ్చాను. మా ఆచారం కదా."

"కళ్లు?"

"ఒకటి నేను తిన్నాను. ఇంకోటి శర్షెన్‌కే పెట్టాను. స్నేహితుడికి పెట్టకుండా ఎలా తింటానయ్యా?"

దుబాసీ ఒక్క మాట కూడా పోనివ్వకుండా రష్యన్‌లో చెప్పాడు. టైపు చేసే అమ్మాయి కుర్చీలోంచి జారిపోయింది. హతుడి కంటిని హతుడికే తినిపించడం అపూర్వమైన క్రౌర్యమని జడ్జిగారు నమోదు చేయించారు.

శర్షెన్ గుడారం వెనక దొరికిన పుర్రెను బల్లమీద పెట్టారు. దానికి కొమ్ములున్నాయని ముద్దాయి తరఫు వకీలు మెల్లగా మనవి చేశాడు. ప్రాసిక్యూటర్‌గారు కళ్లు తుడుచుకుని, "కన్నుమూసినవారి రూపురేఖలను ఎగతాళి చేయడం వకీలుగారికి తగదు," అన్నారు. వకీలు సంస్కారవంతుడు. క్షమాపణ చెప్పి కూర్చున్నాడు.

తీర్పుకు ముందు ప్రజాభిప్రాయం కావాలని క్లబ్బు హాల్లో సభ పెట్టారు. ప్రాసిక్యూటర్‌గారు మూడు తరాల భద్రత గురించి ఉపన్యసించి, మరణశిక్షకు అనుకూలురు చేతులెత్తమన్నారు. హాలంతా చేతులే. ఒస్మోన్‌కుల్ భార్య బురుల్‌కాన్ బెంచీ ఎక్కింది.

"మీరంతా ఆ పొట్టేలునే తిన్నారు కదయ్యా! నోళ్లు పడిపోయాయా?"

ముందు వరసలోని పెద్దాయన ఎత్తిన చెయ్యి దించకుండానే జవాబిచ్చాడు. "తిన్నాం కోడలా, ఎవరు కాదన్నారు? మేం తిన్నది మాంసం. తల తిన్నది మీ ఆయనే."

పైనుంచి ఆమోదం రాగానే కాల్చేస్తారని చెప్పారు. బురుల్‌కాన్ రొట్టెలు కాల్చి జైలుకు పట్టుకెళ్లేది. తుపాకీ చప్పుడు గొర్రెలకు పడదనీ, ఊరికి దూరంగా కాల్చమని అడగమనీ ఒస్మోన్‌కుల్ ఆమెతో చెప్పాడట. ఆమె రొట్టె తుంచి అతని నోట్లో కుక్కి, "నోరు తెరవకు. తెరిచే ఇక్కడిదాకా వచ్చావు," అందట.

ఈలోగా ఏడాది తిరిగి శర్షెన్‌కు వర్ధంతి విందు జరిగింది. గుర్రాన్ని కోశారు, కుస్తీలు పెట్టారు, ఏడు లోయల చుట్టాలు వచ్చారు. విందు మధ్యలో ఉల్లిపాయల లారీ దిగి ఒకతను వచ్చి, పళ్లెం దగ్గర చోటు చేసుకుని అయిదు వేళ్లూ పెట్టి తినసాగాడు.

"కమ్మగా ఉంది. ఎవరి వర్ధంతి?" అన్నాడు నములుతూ.

"నీదే," అన్నాడు పక్కవాడు, ఎముక చీకుతూ.

భార్యతో పోట్లాడి సరిహద్దు దాటి ఉల్లి పొలాల్లో పనికి పోయాడట శర్షెన్. తిరిగొచ్చినందుకు సంతోషించినవాళ్లు తక్కువ. గుర్రాన్ని ఇచ్చిన బావమరిది, "ఇంకో వారం ఆగి చావలేకపోయావా, ఛీ, రాలేకపోయావా!" అని తడబడ్డాడు. బురుల్‌కాన్ మాత్రం శర్షెన్ కాలరు పట్టుకుని తిన్నగా కోర్టుకు లాక్కుపోయింది.

ప్రాసిక్యూటర్‌గారు అతన్ని పరిశీలించి, "ఇతనికి తల ఉంది. కనుక ఇతను శర్షెన్ కాడు," అని తేల్చారు. బురుల్‌కాన్ పుర్రెను తెచ్చి శర్షెన్ తల పక్కన పెట్టి పట్టుకుంది. జడ్జిగారు ఇటూ అటూ చూశారు. కొమ్ముల విషయం అప్పుడు గమనించారు. న్యాయం పొరపాటు చేయదనీ, చేసింది దుబాసీయేననీ, దుబాసీ కూడా సరిగ్గానే చెప్పాడు కనుక అసలు పొరపాటే జరగలేదనీ తీర్పిచ్చి ఒస్మోన్‌కుల్‌ను వదిలేశారు.

ఒస్మోన్‌కుల్ పొట్టేలును కోశాడు. ఊరంతా వచ్చింది. అందరికన్నా గౌరవనీయులు జడ్జిగారే కనుక తల ఆయన ముందు పెట్టారు. ప్రజలకు దగ్గర కావాలని ఆయన మా భాషలో ఒక్క వాక్యం బట్టీపట్టి వచ్చారు. లేచి గంభీరంగా అన్నారు.

"నేను ఒస్మోన్‌కుల్ తల తిన్నాను!"

చప్పట్లు మోగాయి. ఒస్మోన్‌కుల్ కూడా కొట్టాడు, ఒకసారి మెడ తడుముకుని.

ఆ ఉత్సాహంలోనే ప్రాసిక్యూటర్‌గారు శుభవార్త చెప్పారు. పై లోయలో ఒక హత్య జరిగింది. బావులు తవ్వేవాడు పట్టుబడ్డాడు. ఈసారి అనుమానానికి తావే లేదు, వాడు తానే ఒప్పుకున్నాడు. అందరం ఇక్కడే ఉన్నాం కనుక ప్రజాభిప్రాయం కూడా ఇప్పుడే కానిద్దామన్నారు.

చేతులు లేచాయి. అయిదు వేళ్లూ కొవ్వుతో మెరుస్తున్న చేతులు. అన్నిటికన్నా పైన ఒస్మోన్‌కుల్ చెయ్యి.

బురుల్‌కాన్ అతని మోచెయ్యి పట్టి లాగింది. "నీకేమైనా సిగ్గుందా?"

"వాడు ఒప్పుకున్నాడంటున్నారు కదే!"

"ఏ భాషలో?" అంది బురుల్‌కాన్, జడ్జిగారి వైపు తిరిగి, గట్టిగా.

జడ్జిగారు మర్యాదగా దుబాసీ వైపు చూశారు. దుబాసీ నోటినిండా మాంసం ఉండడంవల్ల ఆ ప్రశ్న ఇంతవరకూ కోర్టువారికి చేరలేదు.