బొల్లిగాడి బాట

వికారాబాద్ గుట్టల్లో, కొత్తగా జీపు నేర్చినవారి కోసం సిద్ధపరచిన తొలి అడవి బాటను ప్రజలకు అంకితం చేస్తున్నట్లు గుట్టల సాహస విహార సమితి సగర్వంగా ప్రకటించింది. తారు, కంకర, సిమెంటు వంటి దోషాలేవీ సోకని నిఖార్సయిన బాట అది. అటువంటి బాటలు ధారూర్ చుట్టుపక్కల ఊళ్లకు తాతల నాటి నుంచీ ఉన్నాయి గానీ, వాటి మీద నడిచేవాళ్లు టికెట్టు కొనరు కనుక అవి బాటల కింద రావు.

బాటను గీసింది నిపుణులని ప్రకటనలో రాశారు. ఆ నిపుణుడెవరో గొర్ల కాపరి బీరప్పకు బాగా తెలుసు. తన మందకు ముందు నడిచే పొట్టేలు, బొల్లిగాడు.

జరిగిందేమిటంటే, ఎండాకాలం మొదట్లో సమితి ఉద్యోగి నవీన్‌కుమార్ కొత్త బూట్లతో గుట్టను సగం కాళ్లతో ఎక్కి, మిగతా సగం కళ్లతో ఎక్కి, నీడన కూలబడ్డాడు. అక్కడ గొర్లు మేపుతున్న బీరప్పకు అగ్గిపెట్టెంత యంత్రమొకటి ఇచ్చి, దీన్ని దగ్గరుంచుకుని ఒక రోజంతా గుట్ట మీద తిరిగితే చాలు, తిరిగిన దారి దానంతటదే పటంలో పడుతుందన్నాడు. బీరప్ప సరేనన్నాడు. తీరా మరునాడు గొర్లకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తేవడానికి ధారూర్ పోవలసి వచ్చింది. మాట తప్పే మనిషి కాదు కదా, యంత్రాన్ని బొల్లిగాడి మెడలో గంట పక్కన కట్టి, మందను భార్య రుక్కమ్మకు అప్పగించి వెళ్లాడు.

బొల్లిగాడు ఆ రోజు ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. వాగులో దిగి నీళ్లు తాగాడు. ఒక ఆడగొర్రె వెంటపడి తంగేడు పొద చుట్టూ మూడుసార్లు తిరిగాడు. ఓ బండ మీద ఎందుకో కోపమొచ్చి కొమ్ములతో కుమ్మాడు. మోదుగ నీడన అరగంట నెమరేశాడు. ఇంతలో కుక్క కనబడితే వచ్చిన దారినే లగెత్తాడు.

పటం అద్భుతంగా వచ్చింది. దానికింద సమితి వారు నిబంధనలు కూడా అచ్చువేశారు. వాహనదారులు తంగేడు పొద వద్ద మూడు ప్రదక్షిణలు చేసి మలుపు నైపుణ్యం పెంపొందించుకొనవలెను. బండను వాహనపు ముందు భాగంతో మృదువుగా తాకవలెను. మోదుగ చెట్టు కింద అరగంట ఇంజను ఆపి ఆత్మపరిశీలన చేసుకొనవలెను. పిమ్మట కారణం అడగకుండా వేగముగా వెనుదిరుగవలెను.

జనం విరగబడ్డారు. నగరం నుంచి తెల్లవారకముందే బయల్దేరి వచ్చి, బండకు బొట్టుపెట్టి మరీ గుద్దారు. బంపరు సొట్టపోని వాణ్ని తోటివాళ్లు చిన్నచూపు చూశారు. రెండు ప్రదక్షిణలకే ముందుకు పోయిన ఒక డాక్టరును గేటు దగ్గర ఆపి, మిగిలిన ఒక్కటీ చేయించి పంపారు. స్నేహలత అనే ఉద్యోగిని, మూడో చుట్టులో తన ఎదలోని బరువంతా దిగిపోయిందని రాసి ఐదు నక్షత్రాలిచ్చింది. ఆమెకు ముందు ఆ చుట్టు తిరిగిన జీవికి కూడా అలాగే అనిపించి ఉండవచ్చు.

ఇంతటి ఘనత దక్కిన బాట మీద గొర్లు తిరిగితే బాగుండదు కనుక, గుట్టచుట్టూ తీగ కట్టి, పశువులకూ కాపరులకూ ప్రవేశం లేదని బోర్డు పెట్టారు. బీరప్పకు బొల్లిగాడు కాక డెబ్భై గొర్లు. గుట్ట దిగితే అంతా కంది చేలే. అందులో మంద మూతిపెడితే కొట్లాటే. అతను తిన్నగా సమితి సమావేశానికే పోయి చెప్పుకున్నాడు.

"సారు, గా బాట నాది గాదు, మీది గాదు. మా బొల్లిగానిది. వాని మందనే రావద్దంటె ఎట్ల?"

యంత్రం సంగతంతా బయటపడింది. నవీన్‌కుమార్ కుర్చీలో కుంచించుకుపోయాడు. అధ్యక్షుడు పాండురంగం మాత్రం లేచి, గొంతు సవరించుకున్నాడు.

"మిత్రులారా, స్థానిక ప్రతిభ, స్థానిక ప్రతిభ అని నేను ఇన్నాళ్లూ మొత్తుకున్నది ఇందుకే. పెద్ద పెద్ద చదువులు చేయలేని పని ఒక మూగజీవి చేసింది. దాన్ని గౌరవించుకోకపోతే చరిత్ర మనల్ని క్షమించదు."

చప్పట్ల మధ్య బొల్లిగాడిని గౌరవ మార్గదర్శిగా నియమించి, ఫొటోతో ప్రవేశపత్రం ఇచ్చారు. బీరప్పకూ మిగతా గొర్లకూ అర్హతలు చాలలేదు.

బీరప్ప లోలోపల నవ్వుకున్నాడు. "మంద ఎనక లేంది వాడు అడుగు తియ్యడు సారు. ముప్పై ఏండ్ల సంది కాస్తున్న. ఒంటిగ నడిచే పొట్టేలును నేనైతె సూడలే."

ఆదివారం చూద్దామన్నాడు పాండురంగం. పొట్టేలు కదలకపోతే మందను రోజూ గుట్ట మీదికి రానివ్వాలి. కదిలితే మంద ఇక ఆ ఛాయలకు రాకూడదు. ఆ మేరకు తీర్మానం రాశారు. బీరప్ప ధీమాగా సంతకం పెట్టాడు.

ఆదివారం బొల్లిగాడి మెడలో పూలదండ వేశారు. వాడు దాన్ని తిన్నాడు. వెనక నలభై జీపులు నిలిచాయి. తీగకు ఇవతల బీరప్ప, రుక్కమ్మ, డెబ్భై గొర్లు. జెండా ఊపారు. బొల్లిగాడు కదల్లేదు. నవీన్‌కుమార్ బతిమాలాడు, నెట్టాడు, చెట్టాకు చూపించాడు. పావుగంటైనా వాడు నిలుచున్నచోటే నిలుచున్నాడు. గేటు తీయగానే మందను లోపలికి మలపమని బీరప్ప భార్యకు సైగ చేశాడు.

ఈలోపు ముందు జీపాయనకు ఇది కొత్త నిబంధనేమోనని అనుమానమొచ్చింది. ఇంజను ఆపి కళ్లు మూసుకున్నాడు. వెనక ముప్పై తొమ్మిది మందీ ఆపి, కళ్లు మూసుకున్నారు.

ఆ నిశ్శబ్దానికి బొల్లిగాడు మెడ తిప్పి చూశాడు. ఒకడుగు వేశాడు. నలభై ఇంజన్లు మోగి, నలభై జీపులు ఒకడుగు జరిగాయి. ఆగాడు. ఆగాయి. పక్కకు జరిగాడు. అవీ జరిగాయి. డెబ్భై గొర్లలో ఎన్నడూ చూడని బుద్ధి అది. ఇక అనుమానం లేక, వాడు ఠీవిగా గుట్టెక్కసాగాడు. ఇవతల నుంచి గొర్లు ఎంత అరిచినా వెనక్కి చూడలేదు.

దుమ్ము సర్దుకున్నాక రుక్కమ్మ మొగుడి మొహం చూసింది. "మంద లేంది అడుగు తియ్యడంటివి కదయ్యా?"

బీరప్ప గొంగడి భుజాన వేసుకుని, మందను తాండూరు దిక్కు, గడ్డిపోచ మొలవని నాపరాళ్ల కుప్పల వైపు మలిపాడు.

"అన్నదాంట్ల తప్పేమున్నదే? మందను సూస్కునే కదిలిండు."